రెండు బెజ్జాల ట్యాంకు: నెల్లూరు ఇంట్లో డ్రైన్, రిటర్న్ లైన్లు వేసిన తీరు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక ఇంటి హాల్లోకి వచ్చిన చేపల ట్యాంకు ఇది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, 12 మి.మీ. అద్దం. చెన్నై కొళత్తూరు నుంచి తెప్పించుకున్నారు. వెనక మూలలో నల్ల అక్రిలిక్ ఓవర్‌ఫ్లో బాక్సు, అంటే పై అంచున ఉన్న పళ్ళ సందుల్లోంచి ట్యాంకు నీళ్ళు పొర్లి పడే బాక్సు, దాని అడుగున ముందే వేసిన రెండు బెజ్జాలు. ఓనరు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసే మనిషి, కాబట్టి ఉప్పునీళ్ళ చేపలే పెట్టాలని పట్టు. క్లౌన్లు, టాంగులు, డామ్సెల్‌లు చాలన్నారు. గట్టి పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటి జోలికి నేను పోనని ముందే చెప్పేశాను.

నాకు అప్పగించిన పని ప్లంబింగు వరకే. ట్యాంకు నుంచి కింద సంపులోకి, అంటే క్యాబినెట్‌లో ఉండే చిన్న ట్యాంకులోకి నీళ్ళు దిగాలి, అది డ్రైను. సంపులోని మోటారు వాటిని మళ్ళీ పైకి తోయాలి, అది రిటర్ను. దీంతోపాటు ఇంకో రెండు షరతులు. పక్క గదిలో వాళ్ళమ్మగారు పడుకుంటారు, గుడగుడ చప్పుడు ఉండకూడదు. ఓనరు వారంలో సగం రోజులు గుంటల దగ్గరే ఉంటారు, అప్పుడు ట్యాంకు వైపు చూసే మనిషి ఉండడు.

ఈ రెండో షరతే నా ప్లాను మొత్తాన్ని నడిపించింది. ట్యాంకు బాగా నడుస్తున్నప్పుడు ఏ ప్లంబింగైనా బాగానే ఉంటుంది. దాని సంగతి తేలేది కరెంటు పోయినప్పుడు, అంతకన్నా ముఖ్యంగా మళ్ళీ వచ్చినప్పుడు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో మన జిల్లాలో కరెంటు ఎలా ఆడుతుందో చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు గుంటల మీద ఏరియేటర్లను జనరేటరుతో తిప్పిన మనిషికి ఆ మాట అసలే చెప్పక్కర్లేదు.

అమ్మిన షాపువాళ్ళు చెప్పి పంపిన పద్ధతి అందరూ చేసేదే: పెద్ద బెజ్జం డ్రైనుకి, చిన్న బెజ్జం రిటర్నుకి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పైపులన్నీ బాక్సులోపలే దాక్కుంటాయి. డ్రైను బెజ్జంలో డర్సో పైపు నిలబెడతారు. పైన వంపు తిరిగి, నెత్తిన చిన్న గాలి రంధ్రం ఉండే పైపు అది. నీళ్ళూ గాలీ కలిసి దిగుతాయి కాబట్టి దాన్ని ఎంత సర్దినా కొంత గొణుగుడు తప్పదు. చప్పుడు సరే, నన్ను ఆపింది వేరే విషయం. ఆ పైపులో నత్తో, ఊడిన నాచు ముద్దో అడ్డం పడితే నీళ్ళు దిగడానికి ఇంకో దారి లేదు. మోటారు మాత్రం పైకి తోస్తూనే ఉంటుంది.

"చెరువుకు తూము ఒక్కటే పెట్టి కలుజు కట్టకుండా వదిలేస్తామా?" అని అడిగాను ఓనరును.

"కట్ట తెగుద్ది గదన్నా" అన్నారు.

ఆ మాటతో సగం చర్చ అయిపోయింది. రెండు బెజ్జాలూ డ్రైనుకే ఇచ్చాను: ఒకటి తూము, ఒకటి మిగులు నీళ్ళు పొర్లిపోయే కలుజు. అక్వేరియం వాళ్ళు దీన్ని హెర్బీ పద్ధతి అంటారు. ఒక పైపులో గాలి చొరబడకుండా నిండుగా నీళ్ళు దిగుతాయి, అంటే పూర్తి సైఫన్. ఎంత దిగాలో కింద ఉన్న వాల్వుతో సర్దుతాం. రెండో పైపు ఎమర్జెన్సీకి. అది మొదటిదానికంటే ఎత్తుగా నిలబడి, దాదాపు ఖాళీగా ఉంటుంది. సైఫన్ మూసుకుపోయిన రోజు నీళ్ళన్నీ దాంట్లోంచి దిగాలి. మూడు బెజ్జాలుంటే బీన్ యానిమల్ పద్ధతి చేసేవాణ్ణి, దానికి చప్పుడు ఇంకా తక్కువ. ఇక్కడ ఉన్నవి రెండే. మూడోది వేద్దామంటే నీళ్ళు పోయని ట్యాంకే అయినా, అంటించేసిన అడుగు అద్దానికి డ్రిల్లు పెట్టడం నాకు ఇష్టం లేదు.

మరి రిటర్ను? అది ట్యాంకు వెనక అంచు మీదుగా వంగి లోపలికి వస్తుంది. ఒక పైపు బయటికి కనిపిస్తుందని ఇంట్లోవాళ్ళు కాసేపు ముఖం చిన్నబుచ్చుకున్నారు. వెనక అద్దానికి నల్ల స్టిక్కరు, పైపుకి నల్ల రంగు అన్నాక ఊరుకున్నారు.

ఏ బెజ్జం దేనికి అన్న దగ్గర నా అభిప్రాయం కొందరికి తలకిందులుగా అనిపించొచ్చు. వెర్నియర్‌తో కొలిస్తే ఒకటి 45, ఇంకోటి 38 మి.మీ. వచ్చాయి. అంటే ఒక అంగుళం బల్క్‌హెడ్‌కి (అద్దం బెజ్జంలో పైపును నీళ్ళు కారకుండా పట్టే ఫిట్టింగు) ఒకటి, ముప్పావు అంగుళం దానికి ఇంకోటి. పెద్దదాన్ని సైఫన్‌కిచ్చి చిన్నదాన్ని ఎమర్జెన్సీకి వదిలేసేవాళ్ళే ఎక్కువ. నేను పెద్దదాన్ని ఎమర్జెన్సీకి ఇచ్చాను. నిండుగా పారే సన్న పైపు, గాలితో కలిసి పారే లావు పైపుకన్నా ఎక్కువ నీళ్ళు దించగలదు. ఎమర్జెన్సీ పైపు పని మొదలెట్టేది గాలితోనే, కాబట్టి వెడల్పు అవసరం దానికే. చిన్న బెజ్జంలోంచి బయటపడగానే సైఫన్ లైనును కూడా ఒక అంగుళానికి పెంచేశాను. బాక్సులో నీటిమట్టానికీ సంపు మట్టానికీ తేడా మీటరు దాకా ఉంది కాబట్టి, వాల్వు పూర్తిగా తెరిస్తే గంటకు రెండు వేల లీటర్లు దాటుతుందని లెక్క తేలింది. నాకు కావాల్సింది 1500. ఆ మిగులు ఉంటేనే వాల్వుతో సర్దుకోవడానికి చోటు ఉంటుంది.

1500 ఎందుకంటే, ఇసుక, రాళ్ళు పోగా ట్యాంకులో నీళ్ళు 370 లీటర్లు. గంటకు నాలుగు సార్లు సంపులోంచి తిరిగితే చాలు. చేపలకు కావాల్సిన ప్రవాహం లోపల పెట్టే వేవ్‌మేకర్, అంటే అలలు పుట్టించే చిన్న మోటారు చూసుకుంటుంది. గంటకు పదిసార్లు తిప్పాలని పెద్ద మోటారు కొనడం వల్ల ఒరిగేది చప్పుడూ కరెంటు బిల్లే.

పైపుల దగ్గర మేస్త్రీతో కాస్త గొడవైంది. మన ఊళ్ళో "ఒక అంగుళం పైపు" అని అడిగితే మూడు రకాలు చేతికొస్తాయి. పొలాలకూ గుంటలకూ వేసే బూడిద రంగు పీవీసీ పైపు బయటి కొలత 32 మి.మీ. ఇళ్ళ ప్లంబింగుకి వాడే తెల్ల యూపీవీసీది 33.4. వేడినీళ్ళ సీపీవీసీది 28.6. ఒకదాని ఫిట్టింగు ఇంకోదానికి సరిపోదు. 32ది 33.4 సాకెట్‌లో దూరుతుంది, గమ్ ఎక్కువ పూస్తే పట్టినట్టే కనిపిస్తుంది. అక్కడే చిక్కు, అలాంటి జాయింటు కారేది ఆర్నెల్లకి. ఓనరు గుంటల దగ్గర మిగిలిన పైపు ముక్కలు చాలా ఉన్నాయి, అవి వాడేద్దామన్నది మేస్త్రీ సలహా. వద్దని మొత్తం తెల్ల యూపీవీసీయే తెప్పించాను. షెడ్యూల్ 80 (గోడ మందంగా ఉండే రకం), ఒకే కంపెనీ పైపూ ఫిట్టింగులూ.

బల్క్‌హెడ్ విషయంలోనూ అంతే. మన షాపుల్లో దొరికే ట్యాంక్ నిపుల్ మిద్దె మీద ప్లాస్టిక్ ట్యాంకు కోసం చేసింది. ఒక అంగుళం నిపుల్ మర బయటి కొలత 33 మి.మీ. దగ్గర ఉంటుంది. దాన్ని 45 మి.మీ. బెజ్జంలో పెడితే చుట్టూ ఖాళీ. ఒక పక్కకు జరిగితే వాషరు అద్దం అంచును సరిగా కప్పదు. బెజ్జం కొలతకు తగ్గ అక్వేరియం బల్క్‌హెడ్‌లనే చెన్నై నుంచి రప్పించాం. బిగించేటప్పుడు రబ్బరు వాషరు లోపల, చెంప (బల్క్‌హెడ్ వెడల్పు అంచు) ఉన్న వైపు, అంటే నీళ్ళ వైపు పెట్టాలి. నట్టు వైపు కాదు. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు. పైపు రెంచీ తీసుకున్న మేస్త్రీ చేతిలోంచి దాన్ని మర్యాదగా పక్కన పెట్టించాను. అద్దం పగిలితే వాషరు ఏం చేస్తుంది? సిలికాన్ కూడా పూయలేదు. వాషరు సరిగ్గా కూర్చుంటే దాని అవసరం లేదు, కూర్చోకపోతే సిలికాన్ ఆ తప్పును కొన్నాళ్ళు దాచిపెడుతుంది, అంతే.

ఇత్తడి సంగతి మాత్రం ఓనరే మేస్త్రీకి చెప్పారు. సైఫన్ లైనుకి గేట్ వాల్వు కావాలి. బాల్ వాల్వు అయితే హ్యాండిల్ వెంట్రుకవాసి కదిలినా నీళ్ళు మారిపోతాయి, బాక్సులో మట్టం నిలవదు. ఊళ్ళో సులువుగా దొరికే గేట్ వాల్వులు ఇత్తడివి. "రాగి కలిసిన సామాను ఉప్పునీళ్ళలో పెడితే రొయ్య బతకదబ్బా, హ్యాచరీలో ఇత్తడి కుళాయి కూడా ఉంచరు" అన్నారాయన. నిజమే. చేపలు కొంత తట్టుకున్నా రొయ్యలు, నత్తలు రాగికి నిలవవు. పీవీసీ గేట్ వాల్వు ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి, అది వచ్చేదాకా గమ్ డబ్బా మూత తీయలేదు. ఎమర్జెన్సీ లైనుకి వాల్వే లేదు, ఉండకూడదు కూడా. వాల్వు అంటూ ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మూస్తారు.

ఇక ఎక్కువ సేపు పట్టిన లెక్క: కరెంటు పోతే ఎన్ని నీళ్ళు కిందికి వస్తాయి?

ట్యాంకు నడుస్తున్నప్పుడు నీళ్ళు బాక్సు పళ్ళ అడుగుకంటే సుమారు రెండు సెంటీమీటర్లు పైన ఉంటాయి. మోటారు ఆగగానే ఆ రెండు సెంటీమీటర్లూ దిగిపోతాయి. ఈ ట్యాంకులో ఒక సెంటీమీటరు అంటే దాదాపు 7.4 లీటర్లు, కాబట్టి 15 లీటర్లు. బాక్సులో నీళ్ళు సైఫన్ పైపు నోటిదాకా, అంటే 15 సెంటీమీటర్లు పడిపోతాయి. అది ఇంకో నాలుగున్నర లీటర్లు. పైపుల్లో ఉన్నది ఒక లీటరు. వెరసి ఇరవై పైచిలుకు. సంపు పొడవు 76, వెడల్పు 40, ఎత్తు 40 సెంటీమీటర్లు. దాంట్లో సెంటీమీటరుకు మూడు లీటర్లు పడతాయి. అంటే మట్టం ఏడు సెంటీమీటర్లు పెరుగుతుంది. నడిచే మట్టం 24 దగ్గర పెట్టుకుంటే 31కి చేరి ఆగుతుంది. ఇబ్బంది లేదు.

కానీ ఇదంతా రిటర్ను నాజిల్, అంటే ఆ పైపు ట్యాంకులోకి నీళ్ళు వదిలే మూతి, ఎక్కడుందన్న దాని మీద ఆధారపడి ఉంది. మోటారు ఆగితే రిటర్ను పైపు కూడా వెనక్కి సైఫన్ కొడుతుంది. నాజిల్ నోరు నీటిపైకి తేలేదాకా లాగుతూనే ఉంటుంది. నీళ్ళలో అలలు బాగా రావాలని నాజిల్‌ను ఐదు సెంటీమీటర్లు లోపలికి ముంచితే 15కి బదులు 37 లీటర్లు దిగుతాయి. అప్పుడు సంపు మట్టం 38కి వస్తుంది, అంచుకు ఇంక రెండే సెంటీమీటర్లు. ఆ రోజు ఎవరైనా సంపులో ఒక బకెట్ నీళ్ళు ఎక్కువ పోసి ఉంటే హాలు తడుస్తుంది.

"ఫుట్ వాల్వు పెడితే పోద్ది గదా" అన్నారు ఓనరు. గుంటల మోటార్లకు అలవాటైన మనిషి అడగాల్సిన ప్రశ్నే. "మీ ఫుట్ వాల్వులో గవ్వ ఇరుక్కుని నీళ్ళు వెనక్కి పోయిన రోజులు ఎన్ని?" అని అడిగితే నవ్వారు. నాన్‌రిటర్న్ వాల్వు కొత్తలో బాగా పనిచేస్తుంది. ఉప్పునీళ్ళలో సున్నం పేరుకుని, నాచు పట్టి, దాని రెక్క పూర్తిగా మూసుకోవడం మానేస్తుంది, మానేసిన సంగతి మనకు తెలిసేది నీళ్ళు నేల మీదికొచ్చాకే. పైపుకి సన్న రంధ్రం పొడిచి గాలి పీల్చేలా చేసేవాళ్ళూ ఉన్నారు. ఆ రంధ్రాన్ని నాచు మూసేస్తుంది. నేను రెండూ పెట్టలేదు. నాజిల్‌ను రెండు సెంటీమీటర్ల లోతులోనే కట్టేశాను, కిందికి వంచడానికి వీల్లేని మామూలు ఎల్బోతో. కదిలే నాజిల్ పెడితే శుభ్రం చేసేటప్పుడు దాన్ని ఎవరో ఒకరు కిందికి తిప్పుతారు.

దీనికి అవతలి లెక్క కూడా వేయాలి. ఏ కారణం చేతో రెండు డ్రైనులూ మూసుకుపోయాయనుకుందాం. మోటారు ఎన్ని నీళ్ళు పైకి తోయగలదు? సంపులో మోటారు ఉన్న గది పొడవు పాతిక సెంటీమీటర్లు, సెంటీమీటరుకు ఒక లీటరు. మోటారు గాలి పీల్చేలోపు అది తోడగలిగేది 14 లీటర్లు. పైన నీటిమట్టం నుంచి అద్దం అంచుదాకా నాలుగు సెంటీమీటర్లు ఖాళీ, అంటే 30 లీటర్ల దాకా చోటు. మోటారు ఖాళీగా తిరిగి పాడవ్వచ్చు గానీ హాల్లోకి నీళ్ళు రావు. సంపు కట్టించేటప్పుడే అడ్డు అద్దాల ఎత్తు ఈ లెక్క ప్రకారం చెప్పాలి. రెడీమేడ్ సంపుల్లో రిటర్ను గది పెద్దగా ఉంటే మంచిదని అమ్ముతారు. మోటారుకి అది మంచిదే, హాలుకి కాదు.

రిటర్ను పైపు లావు గురించి క్లుప్తంగా. గంటకు 1500 లీటర్లు ముప్పావు అంగుళం పైపులో పంపితే, నాలుగు ఎల్బోలతో కలిపి రాపిడికే అరమీటరు పైన హెడ్ (మోటారు నీళ్ళను ఎత్తగల ఎత్తు) పోతుంది. అదే ఒక అంగుళంలో జానెడు లోపే. సంపు మట్టం నుంచి ట్యాంకు అంచు దాకా ఎత్తు 1.2 మీటర్లు. మొత్తం 1.4 మీటర్ల దగ్గర తేలింది. డబ్బా మీద 3000 లీటర్లు, గరిష్ఠ హెడ్ మూడు మీటర్లు అని రాసి ఉన్న మోటారు ఆ ఎత్తులో దాదాపు సగం ఇస్తుంది. డీసీ మోటారు తీసుకున్నాం. వేగం తగ్గించుకోవచ్చు, కరెంటు వచ్చాక మెల్లగా అందుకుంటుంది. ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరు మీద మామూలు ఏసీ మోటార్లు జుంయ్ మంటాయి, ఆ బెడద కూడా తప్పింది.

గమ్ పూయకముందు మొత్తం ఉత్తినే బిగించి చూశాం. సంపును క్యాబినెట్‌లోకి తోశాకే పైపులు కోయాలి, లేదంటే పైపులు అడ్డమొచ్చి అది లోపలికి పోదు. వాల్వుకి పైన, మోటారుకి దగ్గర యూనియన్లు (విప్పి మళ్ళీ బిగించుకునే జాయింట్లు) పెట్టించాను. రేపు సంపు బయటికి తీయాలంటే పైపు కోయాల్సిన పని ఉండదు. వాల్వు బరువు బల్క్‌హెడ్ మీద వేలాడకుండా క్యాబినెట్ చెక్కకు ప్లాస్టిక్ క్లాంపులు. మరలకు టెఫ్లాన్ టేపు. ఇవి మేస్త్రీకి రోజూ చేసే పనులే, చకచకా అయిపోయాయి.

ఒక్క చోట మాత్రం మళ్ళీ కోయాల్సి వచ్చింది. సైఫన్ పైపు చివర సంపు నీళ్ళలో బాగా మునిగితే చప్పుడు తగ్గుతుందని మేస్త్రీ పది సెంటీమీటర్లు లోపలికి దించాడు. అలా అయితే కరెంటు వచ్చాక పైపులోని గాలి బయటికి పోలేదు. ఆ పది సెంటీమీటర్ల నీటిని నెట్టుకుని బుడగలు రావాలి కదా. సైఫన్ పట్టకపోతే నీళ్ళన్నీ ఎమర్జెన్సీలో గలగలా దిగుతుంటాయి. రెండున్నర సెంటీమీటర్లు మునిగేలా కోయించాను. ఎమర్జెన్సీ పైపు చివర అసలు నీళ్ళను తాకదు. అది పారిన రోజు చప్పుడు రావాలి. అమ్మగారి నిద్ర చెడినా, ఆ రోజు చెడటమే మంచిది.

పరీక్షలు బోరు నీళ్ళతోనే చేశాం. ముందు బాక్సు వరకే నింపి, బల్క్‌హెడ్‌ల కింద టిష్యూ కాగితం పెట్టి రాత్రంతా వదిలేశాం. పొడిగానే ఉంది. తర్వాత పూర్తిగా నింపి మోటారు వేసి, వాల్వును మెల్లగా మూస్తూ బాక్సులో నీళ్ళను ఎమర్జెన్సీ పైపు అంచుదాకా తెచ్చాను. ఆ అంచు మీదుగా దారంలా సన్నగా ఒక ధార పైపు గోడను పట్టుకుని దిగేలా వదిలాను. ధార పూర్తిగా ఆగేలా సర్దాలని కొందరు తాపత్రయపడతారు. అలా చేస్తే మోటారు కొంచెం ఎక్కువ తోసినా, తక్కువ తోసినా మట్టం ఊగుతుంది. సన్న ధార ఉంటే ఆ తేడాను అదే మింగేస్తుంది, చప్పుడూ ఉండదు.

ఆపైన మెయిన్ స్విచ్ ఆపి సంపులో మట్టం ఎక్కడ ఆగిందో చూశాం. లెక్కకు కొంచెం అటూ ఇటూ, 31 దగ్గరే. మళ్ళీ వేశాం. కాసేపు ఎమర్జెన్సీలో గలగల, తర్వాత సైఫన్ లైనులో ఒక గుటక, ఆపైన నిశ్శబ్దం. ఇలా వేస్తూ ఆపుతూ ఓనరుకు విసుగొచ్చేదాకా చేయించాను. సైఫన్ సగం పట్టిన దశలో కరెంటు మళ్ళీ పోతే ఏమవుతుందన్నది ఒకసారి చూసి వదిలేసే సంగతి కాదు. చివరగా సైఫన్ వాల్వును పూర్తిగా మూసేశాను. నీళ్ళన్నీ ఎమర్జెన్సీ మీద పడ్డాయి. బాక్సులో మట్టం ఆ పైపు అంచు మీద రెండు మూడు సెంటీమీటర్లు పెరిగి నిలిచింది, పళ్ళ దాకా రాలేదు. ఈ పరీక్ష ఒప్పుకోని ట్యాంకును నేను అప్పగించను.

ఉప్పునీళ్ళు తెలిసినవాళ్ళ హ్యాచరీ నుంచి డ్రమ్ముల్లో వచ్చాయి. వానాకాలం చివర్లో మన తీరంలో సముద్రపు నీళ్ళ ఉప్పదనం పడిపోతుంది, హ్యాచరీ నీళ్ళలో క్లోరిన్ కూడా మిగిలి ఉండొచ్చు. రెండూ చూసుకుని పోసుకోమన్నాను. అది గుంటలు చేసే ఆయనకు నాకన్నా బాగా తెలిసిన పని.

నడక మొదలైన కొన్ని వారాలకు ఫోనొచ్చింది, బాక్సులో ధార లావైందని. సైఫన్ పైపు లోపల జిగురు పొర పట్టి ఉంటుంది, ఇది మామూలే. గేట్ వాల్వు చక్రాన్ని పావు చుట్టు తెరవమన్నాను, సర్దుకుంది. అప్పుడప్పుడూ వాల్వును కొన్ని క్షణాలు పూర్తిగా తెరిచి, మళ్ళీ పాత చోటికి తెస్తే ఆ పొర కొట్టుకుపోతుంది. పాత చోటు మర్చిపోకుండా చక్రం మీద మార్కరుతో గీత పెట్టించాను. సంపు అద్దం మీద 24 దగ్గర కూడా ఇంకో గీత ఉంది, మోటారు నడుస్తుండగా దాని పైకి నీళ్ళు పోయకూడదని.

మిగిలింది ఎండాకాలం. మేలో ఆవిరయ్యే నీళ్ళు రోజూ పోయాలి, ఓనరు ఇంట్లో ఉండరు. ఆర్‌ఓ నీళ్ళ డ్రమ్ము, ఎయిర్ కూలర్లో ఉండే లాంటి ప్లాస్టిక్ ఫ్లోటు పెడదామన్నారు. ఫ్లోటు సరేనన్నాను, చేతి కమ్మీ ఇత్తడిది కాకుండా చూసి. డ్రమ్ము మాత్రం 50 లీటర్లది వద్దన్నాను. నడిచే మట్టం పైన సంపులో చోటు 48 లీటర్లు. కరెంటు పోతే దిగేవి అందులో ఇరవై తీసుకుంటాయి. మిగిలేది 28. ఫ్లోటు ఇరుక్కుని డ్రమ్ము మొత్తం ఖాళీ అయిన రాత్రే కరెంటు కూడా పోయినా సంపు పొర్లకూడదు. కాబట్టి 20 లీటర్ల వాటర్ క్యానే పెట్టించాం, ఆయన లేని రోజుల్లో వాచ్‌మన్ దాన్ని నింపుతున్నాడు.